డ్రమ్ములు బ్యాన్ చేస్తే నేలనే డ్రమ్ముగా కొట్టారు

ఈరోజు అమెరికాలోని సౌత్ కరోలినా కథ. 1739 సెప్టెంబర్‌లో స్టోనో నది దగ్గర బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు కొందరు తిరగబడ్డారు. డ్రమ్ములు కొట్టుకుంటూ నడుస్తుంటే దారిలో ఇంకా జనం కలిశారు. దాన్ని అణిచేశారు లెండి. 1740లో చట్టం తెచ్చారు: డ్రమ్ములు, కొమ్ములు వాయించకూడదు, గుంపుగా చేరకూడదు, వాళ్లకి రాయడం నేర్పకూడదు. డ్రమ్ము అంటే అంత భయం!

మరి ఆ జనం ఏం చేశారు? చప్పట్లు, పాదాలు, చెక్క నేల మీద చీపురు కర్ర దెబ్బ. అదే రింగ్ షౌట్. సౌత్ కరోలినా, జార్జియా తీరంలో గల్లా గీచీ జనం దీన్ని నిలబెట్టుకున్నారు. గుండ్రంగా, మన ప్రదక్షిణకి రివర్స్‌లో తిరుగుతారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. పాదం మీదుగా పాదం దాటకూడదు. దాటితే డాన్స్ అయిపోతుంది, డాన్స్ పాపం. రూల్ చర్చిది, కదలిక ఆఫ్రికాది. నాకు భలే నచ్చింది ఇదే.

కన్నబిడ్డని ఎక్కడికో అమ్మేస్తే గట్టిగా ఏడవడానికి కూడా వీల్లేని బతుకులు. పగలంతా పొలంలో పని, రాత్రికి ఆ వలయం. థెరపీ అన్న మాట వాళ్ల దగ్గర లేదు, పని మాత్రం జరిగింది.

తెల్లవాళ్లే కాదు, డేనియల్ పేన్ అనే నల్లజాతి బిషప్ కూడా ఇది మొరటుగా ఉందని ఆపించాలని చూశాడు. ఆగలేదు. జార్జియాలోని మెకింటాష్ కౌంటీ షౌటర్స్‌కి 1993లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. వాళ్ల రికార్డింగ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ముందు ఆ కర్ర చప్పుడు పట్టుకోండి.