నాలుగు దినాల ఉమ్మడి అంగడి

సంత అంటే ఏమిటో ఉద్దనపల్లి చుట్టుపట్ల పల్లెలవారికి వివరించవలసిన పని లేదు. వారానికొక దినం ఖాళీ మైదానంలో గుడారాలు లేస్తాయి. పొద్దు వాలేసరికి అమ్మినవారూ కొన్నవారూ వెళ్ళిపోతారు, మైదానం మళ్ళీ మైదానమే. కట్టడం లేదు, ఏడాది పొడుగునా బాడుగ లేదు, అయినా వ్యాపారం తరతరాలుగా సాగుతూనే ఉన్నది. ఈ పాత ఏర్పాటునే నేటి నగరాలు కొత్త పేరుతో పిలుస్తున్నాయి. నాలుగైదు చిన్న వస్త్ర సంస్థలు కలిసి ఒక హాలునో, ఖాళీగా పడి ఉన్న దుకాణాన్నో కొన్ని దినాలకు బాడుగకు తీసుకొని, తమ తమ సరుకును పక్కపక్కనే పెట్టి అమ్మి, గడువు తీరగానే మూటలు కట్టుకొని వెళ్ళిపోవడాన్ని 'పాప్-అప్ షాప్' అంటున్నారు. బెంగళూరులో 2010లో మొదలై పేరు తెచ్చుకొన్న ఇటువంటి విక్రయోత్సవం తన పేరును 'సండే సోల్ సంతె' అనే పెట్టుకొన్నది. పేరు తిరిగి తిరిగి మన దగ్గరికే వచ్చిందన్నమాట.

విదేశాలలో దీనికి ఫ్యాషన్ రంగంలో గౌరవం తెచ్చినవారిలో జపానుకు చెందిన 'కామ్ దె గార్సోఁ' సంస్థ ఒకటి. ఆ సంస్థ 2004లో బెర్లిన్ నగరంలో తక్కువ బాడుగ గల ఒక పాత కట్టడంలో, ఒక్క ఏడాదికి మాత్రమే అని ముందే ప్రకటించి, అంగడి తెరిచింది. మన దేశంలో అంతకు ముందే, 1994లో, ఢిల్లీలో 'దిల్లీ హాట్' వెలసింది. అక్కడ అంగడి స్థిరమే గాని అంగడివాడు స్థిరం కాదు. చేతివృత్తులవారు వంతులవారీగా వచ్చి, కొన్ని దినాలు అమ్ముకొని, తరువాతి వారికి చోటిచ్చి వెళతారు. రూపం వేరైనా సూత్రం ఒక్కటే. ఒక్కడు మోయలేని బాడుగను పలువురు పంచుకోవడం, ఏడాది పొడుగునా అక్కరలేని చోటును అక్కరపడినంత కాలమే తీసుకోవడం.

బట్టల విషయంలో ఈ ఏర్పాటు ఇంతగా ప్రాచుర్యం పొందడానికి ఒక దుఃఖకరమైన కారణం కూడా ఉన్నది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా అనే కట్టడం కూలి, అందులోని కుట్టు కర్మాగారాలలో పని చేస్తున్న 1,134 మంది మరణించారు. ఎక్కువమంది యువతులే. వారు కుట్టినవి ఐరోపా, అమెరికా సంస్థల పేరిట అమ్ముడుపోయే చవక దుస్తులు. 'నా బట్టలు ఎవరు కుట్టారు?' అనే ప్రశ్న ఆ తరువాతనే ప్రపంచమంతటా వ్యాపించింది. హోసూరు పరిసరాల నుండి దినమూ వేకువన బస్సెక్కి బెంగళూరు గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయే ఆడబిడ్డలున్న ఇండ్లలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటినుండో తెలుసు. అడిగేవారు లేకపోయారు, అంతే.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన చిన్న సంస్థలనే ఇక్కడ మనం తలచుకొంటున్నాము. పత్తి ఎక్కడిదో, నేసినదెవరో, రంగు దేనితో వేశారో, కుట్టినవారికి ఎంత ముట్టిందో చెప్పి అమ్మేవి ఇవి. వీటి సరుకుకూ తాత్కాలికమైన అంగడికీ ఒక సహజ సంబంధం ఉన్నది. కరక్కాయ, మంజిష్ఠ, నీలి, దానిమ్మ తొక్కతో వేసిన రంగు ఒక్కొక్క విడతకు ఒక్కొక్క ఛాయలో వస్తుంది. బెల్లమూ ఇనుమూ పులియబెట్టి తీసిన నలుపు ఈసారి వచ్చినట్లు మరుసారి రాదు. 'ఇదే రంగులో ఇంకా రెండు వందల చొక్కాలు పంపండి' అనే పెద్ద దుకాణానికి ఈ గుడ్డ పనికిరాదు. ముప్పై చొక్కాలు, పదిహేను చీరలు, ఉన్నంతవరకే అని చెప్పి అమ్మే చోట మాత్రం ఆ తేడాయే అందమవుతుంది.

తెలుగు నేలపై ఈ మార్గంలో నడిచినవారు లేకపోలేదు. హైదరాబాదు కేంద్రంగా 'దస్తకార్ ఆంధ్ర' 1990ల నుండి చేనేత సహకార సంఘాలతో కలిసి సహజ రంగులపై పని చేసింది. దాని తోడి సంస్థ ఆయా సంఘాల గుడ్డను ఒకచోట చేర్చి, నగరాలలో ప్రదర్శనలు పెట్టి, హైదరాబాదులో 'దారం' అనే అంగడి ద్వారా అమ్ముతూ వచ్చింది. ఒక్కొక్క సంఘం విడిగా నగరానికి పోయి చేయలేని పనిని పలు సంఘాలు ఒకే కప్పు కింద చేయడమే ఇందులోని విశేషం. ఉజ్రమ్మగారు ఆరంభించిన 'మల్ఖా' ఇంకొక అడుగు వెనుకకు, అంటే నూలు దగ్గరికే, పోయింది. మల్‌మల్, ఖాదీ అనే రెండు మాటల కలయిక ఈ పేరు. దూదిని బేళ్ళుగా గట్టిగా బిగించి, దూరపు మిల్లుకు పంపి, అక్కడ మళ్ళీ విడదీసే పద్ధతిలో పోగు సహజమైన మెత్తదనం కోల్పోతుందని వీరి వాదం. అందువల్ల పత్తి పండే చోటనే చిన్న యంత్రాలతో గింజ తీసి, బేలు కట్టకుండానే నూలు వడికి, దగ్గరి మగ్గాలకు ఇచ్చారు.

మన ప్రాంతపు రైతుకు అన్నింటికంటె దగ్గరి విషయం పట్టు. తమిళనాట మల్బరీ సాగుకు కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలు పేరొందినవి. మల్బరీ, పట్టుపురుగుల రకాలను భద్రపరచే కేంద్ర పట్టు మండలి సంస్థ హోసూరులోనే ఉన్నది. గూళ్ళు చంద్రికల నుండి విడదీసి మార్కెట్టుకు వేయడంతో మన పని ముగిసిందనుకొంటాము. ఆ తరువాత లోపలి పురుగు రెక్కలతో బయటికి రాకముందే గూళ్ళను వేడికి పెట్టి, ఉడికించి, దారం తీస్తారు. మేలైన గూటి నుండి సుమారు వెయ్యి మీటర్ల తెగని పోగు వస్తుంది. ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు దీనికి భిన్నంగా, పురుగు గూటిని చీల్చుకొని పోయిన తరువాత మిగిలిన గూటిని పత్తివలె వడికించి, 'అహింసా పట్టు' అనే పేరిట నేయించారు. చంపకుండా తీసిన పట్టు ఉన్నదా అని నాటి రాష్ట్రపతి వెంకటరామన్‌గారి సతీమణి జానకిగారు అడగడమే తనకు ప్రేరణ అని ఆయన చెప్పుకొన్నారు. ఈ పద్ధతికి 2006లో పేటెంటు లభించింది. చీలిన గూటి పోగు తెగిపోతుంది గనుక శ్రమ ఎక్కువ, ధర ఎక్కువ, మెరుపు తక్కువ. పెంపుడు పట్టుపురుగు రెక్కలొచ్చినా ఎగరలేదు, కొద్ది దినాలకే చచ్చిపోతుంది, ఆలోగా వందల గుడ్లు పెడుతుంది, ఆ పిల్లలన్నింటికీ ఆకు ఎవరు వేస్తారు అని పట్టు పెంచిన ఏ ఇల్లాలైనా అడుగుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. 'సహజం', 'అహింస' అనే మాటల వెనుక ఎప్పుడూ ఇటువంటి లెక్కలుంటాయి. వాటిని దాచకుండా చెప్పే అంగడివాడినే నమ్మవలసి ఉన్నది.

ఇంతకన్న మనకు పొరుగు ఉదాహరణ ధర్మపురి జిల్లాలోని సిట్టిలింగి లోయ. 2004 ఫిబ్రవరి దాకా మనమూ ఆ జిల్లావారమే. 1993లో అక్కడ వైద్యులు రెజీ జార్జ్, లలితా రెజీ దంపతులు ఆదివాసుల కోసం ఆరోగ్య సేవ ఆరంభించారు. ఆ లోయలోని లంబాడీ తండాలలో పాత కుట్టుపని దాదాపు మరుగున పడింది. పెద్ద వయసు స్త్రీలు కొద్దిమందికే ఆ కుట్లు గుర్తున్నాయి. 2006 ప్రాంతంలో లలితగారి ప్రోత్సాహంతో ఆ పెద్దలే చిన్నవారికి నేర్పసాగారు. అలా ఏర్పడినదే 'పోర్గై' అనే స్త్రీల సంఘం. లంబాడీ మాటలో పోర్గై అంటే గర్వం. ఆ లోయ రైతులే పురుగుమందులు లేకుండా పండించిన పత్తి, చేతి నేత, సహజ రంగు, దానిపై ఈ స్త్రీల కుట్టు. ఇంత దూరపు కొండలోయకు కొనేవారు వెదుక్కొంటూ రారు గనుక, నగరాలలో జరిగే ఉమ్మడి ప్రదర్శనలే వీరికి ముఖ్యమైన వాకిలి అయినవి.

ఇక లెక్క. అంకెలు ఊహించినవే గాని తీరు నిజమైనది. నగరంలో ఒక హాలుకు నాలుగు దినాలకు 60,000 రూపాయల బాడుగ అనుకొందాము. ఒక కుర్తాకు గుడ్డ, రంగు, కుట్టు కూలి కలిపి 800 పడితే, అమ్మకం 1,200. మిగిలేది 400. ప్రయాణం, తిండి, బసకు 6,000. ఒక్కరే హాలు తీసుకొంటే 165 కుర్తాలు అమ్మితే గాని పెట్టిన డబ్బు రాదు. ఐదుగురు పంచుకొంటే ఒక్కొక్కరికి 12,000 బాడుగ, మొత్తం ఖర్చు 18,000. అంటే 45 కుర్తాలు చాలు. మూడవ దారి కూడా కలదు. బాడుగ అడగకుండా అమ్మకంలో వందకు ఇరవై ఐదు తీసుకొనే నిర్వాహకులుంటారు. అప్పుడు కుర్తాకు 300 వారికే పోయి మనకు 100 మిగులుతుంది. దారి ఖర్చు రాబట్టుకోవడానికే 60 కుర్తాలు అమ్మాలి. అమ్మకం తగ్గితే ఈ పద్ధతిలో నష్టం తక్కువ, అమ్మకం పెరిగితే బాడుగ పద్ధతే మేలు. తొలిసారి పోయేవారు దేనిని ఎంచుకోవాలో సరుకు చూసి నిర్ణయించుకోవలసినదే.

బాడుగ కన్నా జాగ్రత్తగా చూడవలసినది పద్దు. ఐదుగురి సరుకు ఉన్న అంగడిలో డబ్బుపెట్టె ఒకటేనా, ఐదా? ఒకటే అయితే బిల్లు ఎవరి పేరిట, డబ్బు ఎన్ని దినాలలో ఎవరి ఖాతాకు పోతుంది? అమ్ముడుపోని సరుకును తిరిగి చేర్చే కూలి ఎవరిది? మరక పడిన చీర ఎవరి నష్టం? ఇవి నోటిమాటగా వదిలి, గడువు తీరిన తరువాత నెలల తరబడి ఫోనులు చేసిన సంఘాలు లేకపోలేదు. ఒక్క తెల్లకాగితంపై ఐదుగురూ సంతకాలు చేస్తే చాలు.

చీటీ మీద ఎవరి పేరు ఉంటుందన్నది అంతకన్నా సూక్ష్మమైన విషయం. నగరపు సంస్థ పేరుతో మన ఊరి స్త్రీలు కుడితే అది కూలిపని. తప్పు కాదు, కాని ధర చెప్పే అధికారం వారిదే. ఉమ్మడి అంగడిలో కుట్టిన మనిషే బల్ల వెనుక నిలబడి ధర చెబుతుంది, కొన్న మనిషి మెచ్చుకోలునూ విసుగునూ తానే వింటుంది. మెడ బిగుతుగా ఉన్నదని పదిమంది అంటే పదకొండవ కుర్తాకు మెడ మారుతుంది. ఇందులో సరిహద్దు పల్లెలవారికి ఒక మూలధనం పుట్టుకతో వచ్చింది. బెంగళూరులో బేరమాడే మనిషి కన్నడం పలికినా, తమిళం పలికినా, తెలుగు పలికినా మన ఆడవారు అదే భాషలో జవాబు చెప్పగలరు. ఐదు బల్లలున్న చోట అందరి సరుకూ అమ్మిపెట్టగల మనిషికి విలువ ఎక్కువ. ఒక్కొక్క సంఘం నుండి ఇద్దరు చొప్పున వంతు వేసుకొంటే, ఇంట్లో పశువులూ పిల్లలూ ఉన్నవారికి నాలుగు దినాలూ ఊరు వదలవలసిన అవస్థ ఉండదు.

కొనేవారి నమ్మకానికి కొన్ని గుర్తులు ఉపకరిస్తాయి. పట్టుకు 2004లో వచ్చిన సిల్క్ మార్క్, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ అటువంటివి. గుర్తు లేనిచోట పాత పరీక్షయే దిక్కు. పట్టుపోగు కాలితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతుంది, పాలిస్టరు కరిగి ముద్ద కడుతుంది.

సరిహద్దు మనకు భాషలనిచ్చినట్లే ఒక చిక్కునూ ఇచ్చింది. హోసూరు దాటి అత్తిబెలె చేరితే రాష్ట్రం మారుతుంది. ఒక రాష్ట్రంలో ఉండేవారు మరొక రాష్ట్రంలో కొద్ది దినాలు అంగడి పెట్టి అమ్మితే, జీఎస్టీ చట్టం వారిని తాత్కాలిక వ్యాపారిగా లెక్కిస్తుంది. అమ్మకం చిన్నదైనా, ఆరంభానికి కనీసం 5 దినాల ముందే అక్కడ నమోదు చేసుకొని, అంచనా పన్నును ముందుగానే కట్టాలి. ఆ నమోదు 90 దినాలు చెల్లుతుంది. అయితే చేనేత, చేతి అద్దకం వంటి ప్రకటిత హస్తకళా వస్తువులను అమ్మేవారికి, ఏడాది అమ్మకం మొత్తం 20 లక్షలు మించనంతవరకు ఈ నమోదు నుండి మినహాయింపు కలదు. పాన్ సంఖ్య మాత్రం ఉండాలి. మిల్లు గుడ్డ కొని మిషను మీద కుట్టిన దుస్తులకు ఈ మినహాయింపు వర్తించదని గ్రహించాలి. నమోదైన సంస్థలతో కలిసి అమ్మేటప్పుడు ఇంకొక అంకె గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుండి కుట్టిన దుస్తు ధర 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం పన్ను. చేతిపని దుస్తులు ఈ గీటు దగ్గరనే తచ్చాడుతుంటాయి.

మినహాయింపు ఉన్నవారు కూడా సరుకు రాష్ట్రం దాటించేటప్పుడు ఈ-వే బిల్లు తీయక తప్పదు. యాభై వేల లోపు సరుకే కదా అని ఊరకుండరాదు. హస్తకళా వస్తువులకు ఈ సందర్భంలో విలువతో నిమిత్తం లేదు, ఒక్క మూటకైనా బిల్లు ఉండవలసినదే.

ఇవన్నీ సమకూరినా ముందుగా తేల్చుకోవలసినది కాలం. దసరాకు బల్ల మీద ఉండవలసిన గుడ్డకు వేసవి ఎండలోనే రంగు వేసి ఆరబెట్టడం మేలు, వాన మొదలైతే ఛాయ కుదరదు. సహజ రంగు నీటిని ఆదా చేస్తుందనుకోవడం కూడా పొరపాటు. కరక్కాయ నీళ్ళలో ముంచి, పటిక పట్టించి, రంగు పెట్టి, ప్రతిసారీ జాడించి ఉతకాలి. శ్రీకాళహస్తి, పెడన కలంకారీవారు పారే నీటిని వెదుక్కొన్నది ఇందుకే. మన బోర్లు అడుగంటేది కూడా ఆ వేసవిలోనే. కనుక రంగును ఊరిలో వేయాలా, నీరున్న చోట వేయించి గుడ్డను తెచ్చుకొని కుట్టును మాత్రమే ఇక్కడ చేయాలా అన్నది హాలుకు బయానా ఇవ్వకముందే సంఘంలో కూర్చొని తేల్చుకోవలసిన మాట.