పలక నుండి టాబ్లెట్టు వరకు

నేను అక్షరములు దిద్దినది మార్కాపురపు పలకపై. నల్లని రాయి, కొయ్య చట్రము, ఒక బలపము. ఇంతకంటె చవుకైన సాధనము బడిలో లేదు. వ్రాసినదానిని పంతులుగారు అక్కడికక్కడే చూచెడివారు. తప్పైనచో తుడుచుటకు తడిగుడ్డ చాలును. తరువాత బడిలోనికి వచ్చిన యంత్రములను ఈ పలక ప్రక్కన నిలిపి ఒక ప్రశ్న అడుగవచ్చును: పిల్లవాడు వ్రాసినది చూచి వానికి బదులు చెప్పునది ఎవరు?

1953లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ తన కుమార్తె చదువుచున్న తరగతికి పోయి లెక్కల పాఠము చూచెను. పిల్లలు లెక్కలు చేయుచుండిరి గాని, చేసినది ఒప్పో తప్పో వారికి వెంటనే తెలియుట లేదు. ఆయన ఒక పెట్టెను తయారుచేసి 1954లో ప్రదర్శించెను. సరియైన అంకెలు పెట్టినగాని అందులో తరువాతి లెక్క కనబడదు. నేటి టాబ్లెట్టులోని అభ్యాసములకు ఇది తాత వంటిది.

మన దేశములో తొలి పెద్ద ప్రయత్నము వేరొక త్రోవ పట్టినది. 1969లో మన అణుశక్తి శాఖకును, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకును ఒడంబడిక కుదిరినది. దీనికి మూలపురుషుడైన విక్రమ్ సారాభాయి 1971లో కన్నుమూసెను; ఫలితము చూడలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజను అందినది. నాటి ఆంధ్రప్రదేశ్ వానిలో నొకటి. తెలుగు కార్యక్రమములకు హైదరాబాదులో నిర్మాణ కేంద్రము నెలకొల్పిరి.

సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి వచ్చు సంకేతము పల్లెటూరి పెట్టెకు ఎట్లు అందినది? టార్చిలైటులో బల్బు వెనుక నుండు అద్దము పెద్దదైనకొలది వెలుగు సన్నని పుంజమై దూరము పోవును. ఏ.టి.ఎస్.-6 అను ఆ ఉపగ్రహము ఆకాశమున గొడుగువలె విప్పిన ఏంటెన్నా వ్యాసము 9 మీటర్లు. అందుచే గ్రామమున 3 మీటర్ల తీగవల గిన్నె సరిపోయినది. అది కోళ్లగూటికి వాడు వల వంటిదే! కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపిరి.

ఉదయము పిల్లల పాఠములకు గంటన్నర. నాలుగు భాషలు పంచుకొనగా ఒక్కొక్కదానికి దక్కినది 22½ నిమిషములు. పెట్టె చక్కగా మాట్లాడినది. కాని పిల్లవాడు చేయి ఎత్తినచో దానికి కనబడదు. ఆ లోటు తీర్చవలసినవాడు ప్రక్కన నిలిచిన ఉపాధ్యాయుడే. నిర్వాహకులు ఈ సంగతి ఎరుగుదురు. దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు సెలవులలో విజ్ఞానశాస్త్ర బోధన నేర్పిరి. టెలివిజనుతోపాటు రేడియో, అచ్చుకాగితములు, చేతితో చేయు ప్రయోగములు కూడ వాడిరి. ఆ ఏడాది జరిగిన పనులలో మిక్కిలి విలువైనది ఇదేనని నా అభిప్రాయము. గడువు తీరగానే ఉపగ్రహము వెడలిపోయినది; నేర్చిన ఉపాధ్యాయుడు బడిలోనే మిగిలెను.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎడ్యుశాట్‌తో విద్యార్థి తిరిగి ప్రశ్న అడుగు వీలు కలిగినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకును, ఉపాధ్యాయులకును ఐదు లక్షలకు పైగా టాబ్లెట్లు పంచ నారంభించినది. స్కిన్నర్ కోరిన వేగము ఇప్పుడు అరచేతిలో నున్నది.

అయినను ఒక చిన్న లెక్క చూడుడు. ½, ⅓ కూడుమనగా పిల్లవాడు 2/5 అనెననుకొందము. తప్పని తెర వెంటనే చెప్పును. జవాబు 5/6 అని కూడ చూపును. కాని లవమును లవముతో, హారమును హారముతో కూడుటచే వాడు తప్పినాడని దానికెట్లు తెలియును? జవాబు మాత్రమే నొక్కించుకొను యంత్రమునకు వాడు నడచిన దారి అందదు. పలకపైనైతే ఆ దారి మెట్టుమెట్టుగా కనబడును. మా కళాశాలలో తెరపై పరీక్ష పెట్టునపుడెల్ల నేను విద్యార్థులను ఒక చిత్తుకాగితము దగ్గర ఉంచుకొనుమందును. వారు లేచునపుడు దానినికూడ తీసికొందును.