బండి ఎంత ఇస్తుంది?

మనం స్కూటర్ కొన్నా ముందు అడిగేది "లీటరుకి ఎంత ఇస్తుంది?" అనే కదండీ! అమెరికాలో కార్వెట్ లాంటి స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ళకి 1973 దాకా ఆ ప్రశ్న పెద్దగా పట్టలేదు. ఆ అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. సగటున 39 సెంట్లున్న గ్యాలన్ పెట్రోలు మరుసటేడు 53 సెంట్లయింది. కొన్ని రాష్ట్రాల్లో నంబరు ప్లేటు సరా బేసా చూసి, రోజు మార్చి రోజు పోసేవారు.

రోజూ ఆఫీసుకి ఆ పాత కారే దిక్కైన ఇల్లాలి అవస్థ ఊహించండి. చాలావాటిలో 5.7 లీటర్ల ఇంజను, పైగా కార్బురేటర్. కాలు గట్టిగా నొక్కితే పెట్రోలు గటగటా తాగేస్తుంది. మెల్లగా నడపడమే పొదుపు. 1974 జనవరిలో చట్టమే వచ్చింది, గంటకి 55 మైళ్ళు మించకూడదని. వేగం కోసమే కొన్న కారుకి!

అయినా మోజు తగ్గిందా? 1979లో, మళ్ళీ పెట్రోలు కరువొచ్చిన ఏడాదే, 50 వేలకు పైగా కార్వెట్లు తయారయ్యాయి.