డేటాలో తేదీలు, గంటలు: డుమస్ పోటు లెక్క నేర్పే జాగ్రత్తలు

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే ప్రాంతానికి దగ్గరగా ఉన్న తీరం డుమస్. నల్ల ఇసుకకు పేరుపొందిన ఈ బీచ్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు దాకా ముందుకొస్తుంది, అంతే దూరం వెనక్కి పోతుంది. ఖంభాత్ సింధుశాఖ దేశంలోనే అతి ఎత్తైన పోటు వచ్చే చోటు. భావ్‌నగర్ వైపు పౌర్ణమి, అమావాస్యలకు ఆటుపోట్ల మధ్య తేడా 10 మీటర్లు దాటుతుంది. డుమస్ దగ్గర అంత కాకపోయినా, అదీ మీటర్లలోనే ఉంటుంది.

2006 ఆగస్టు రెండో వారంలో తాపీ వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. ఎగువన దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని ఉకాయి జలాశయం నుంచి గరిష్ఠంగా సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదలైంది. ఆ నెల 9న శ్రావణ పౌర్ణమి. సూరత్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు పద్మశాలీ కుటుంబాలకు అది జంధ్యాల పౌర్ణమి. సముద్రానికి మాత్రం పెద్ద పోటు రోజులు. పోటు ఎక్కినప్పుడు నదీముఖం దగ్గర నీరు త్వరగా దిగదు. అందువల్ల ఇలాంటి వరదను అర్థం చేసుకోవాలంటే ‘ఎంత నీరు వచ్చింది’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఏ గంటకు వచ్చింది, ఆ గంటకు సముద్రం ఏ స్థితిలో ఉంది’ అన్నది కూడా తేలాలి.

అంటే మూడు పట్టికలను కాలం ఆధారంగా కలపాలి: జలాశయం విడుదల, సముద్ర మట్టం, వర్షపాతం. పైథాన్‌లోనో ఆర్‌లోనో ఇది పది లైన్ల పని. తప్పు జరిగేదీ ఆ పది లైన్లలోనే. పైగా తేదీల విషయంలో జరిగే తప్పులు చాలావరకు ఎర్రర్ చూపవు. ప్రోగ్రామ్ సాఫీగా నడుస్తుంది, గ్రాఫ్ వస్తుంది, నిర్ణయం మాత్రం తప్పుతుంది.

రోజు ముందా, నెల ముందా?

కంప్యూటర్‌కు 07/08/2006 అన్నది తేదీ కాదు, పది అక్షరాల పదం. దాన్ని తేదీగా మార్చమని మనమే చెప్పాలి. మనకు అది ఆగస్టు 7. అమెరికన్లకు జులై 8. పైథాన్‌లో డేటా విశ్లేషణకు ఎక్కువగా వాడే పాండాస్ లైబ్రరీ, మనం ఏమీ చెప్పకపోతే ఇలాంటి పదంలో మొదటి అంకెను నెలగా తీసుకుంటుంది.

వరద రోజులనే తీసుకోండి. ఆగస్టు 7, 8, 9, 10 తేదీలను ఈ పద్ధతిలో చదివిస్తే అవి జులై 8, ఆగస్టు 8, సెప్టెంబర్ 8, అక్టోబర్ 8గా మారిపోతాయి. నాలుగు రోజుల విపత్తు నాలుగు నెలల్లోకి చెదిరిపోతుంది. ఎటు చదివినా మారనిది 08/08 ఒక్కటే. సరిచూడటానికి ఆ ఒక్క వరుసనే ఎంచుకుంటే అంతా బాగానే ఉందనిపిస్తుంది.

పాత వెర్షన్లలో ఇంకో చిక్కు ఉండేది. 13/08 దగ్గరికి వచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి, ఆ వరుసను మాత్రం రోజు ముందుగా చదివేది. ఒకే నిలువు వరుసలో 12వ తేదీ వరకు ఒక పద్ధతి, తర్వాత మరో పద్ధతి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన పాండాస్ 2.0 నుంచి మొదటి విలువను బట్టి ఒక రూపాన్ని ఊహించి, మిగతావి దానికి సరిపోకపోతే ఎర్రర్ ఇస్తోంది. ఇది మేలే. కానీ ఫైల్‌లో 12వ తేదీ వరకే వివరాలుంటే ఎర్రర్ కూడా రాదు.

మందు తేలిక. రూపాన్ని ఊహకు వదలకండి. రోజు, నెల, సంవత్సరం, గంట, నిమిషం ఏ వరుసలో ఉన్నాయో ఫార్మాట్ రూపంలో స్పష్టంగా రాయండి. ఆర్ వాడేవారికి లూబ్రిడేట్ ప్యాకేజీలో ఒక్కో వరుసకు ఒక్కో ఫంక్షన్ ఉంది. చదవలేని తేదీలను ఖాళీగా మార్చే వెసులుబాటు వాడితే, ఎన్ని ఖాళీలు పుట్టాయో వెంటనే లెక్కించండి. మీరు ఫైల్ తయారుచేసి ఇచ్చేటప్పుడు 2006-08-07 అన్న ఐఎస్ఓ 8601 రూపం వాడండి. ఎవరు చదివినా ఒకటే అర్థం. అక్షర క్రమంలో పేర్చినా కాలక్రమంలోనే ఉంటుంది.

గంటల పట్టీల్లో 1 నుంచి 24 వరకు రాసే అలవాటు కూడా ఉంది. 24:00 అన్న విలువను చాలా ఫంక్షన్లు చదవలేవు. తేదీని విడిగా చదివి, దానికి అన్ని గంటలు కలిపితే 24:00 తనంతట తానే మర్నాడు 00:00 అవుతుంది.

ఐదున్నర గంటల్లో తలకిందులు

భారత ప్రామాణిక కాలం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అంతర్జాతీయ సంస్థలు ఇచ్చే సముద్ర మట్టాల డేటా ఎక్కువగా యూటీసీలో ఉంటుంది. మన కార్యాలయాల పట్టీలు స్థానిక గడియారం ప్రకారం ఉంటాయి. ఏది ఏ కాలంలో ఉందో ఫైల్‌లో రాసి ఉండకపోతే రెండూ ఒకటే అనుకుని కలిపేస్తారు.

డుమస్ లాంటి చోట ఆ పొరపాటు ఎంత ఖరీదో లెక్క వేయొచ్చు. ప్రధాన పోటు ఆవృత్తి సుమారు 12 గంటల 25 నిమిషాలు. పోటు నుంచి ఆటుకు పట్టే సమయం అందులో సగం, 6 గంటల 12 నిమిషాలు. ఐదున్నర గంటల తప్పు దీనికి చాలా దగ్గర. అంటే నిజంగా సముద్రం నిండుగా ఉన్న వేళకు మీ పట్టికలో దాదాపు పూర్తి ఆటు కనిపిస్తుంది. రెంటి మధ్య తేడా 5 మీటర్లు అనుకుని సాధారణ తరంగ సూత్రంతో లెక్కిస్తే, సముద్ర మట్టంలో తప్పు 4.8 మీటర్లు ఉంటుంది. ‘నీరు వదలడానికి ఇది అనువైన సమయం’ అని మీ గ్రాఫ్ చెప్పే గంటే అసలు అతి ప్రమాదకరమైన గంట కావచ్చు.

రెండో చిక్కు ఆ అరగంటతో. యూటీసీలో సరిగ్గా గంటకు తీసిన కొలత, మన కాలంలో గంటన్నర, రెండున్నర, మూడున్నర దగ్గర పడుతుంది. జలాశయం పట్టీలో ఒంటిగంట, రెండు, మూడు అని ఉంటాయి. సమయం అచ్చంగా సరిపోలితేనే కలపమంటే ఒక్క వరుస కూడా కలవదు. చిరాకుపడి అరగంటను కొట్టేస్తే, పై ఉదాహరణలోనే పోటు వేగంగా ఎక్కే వేళ 60 సెంటీమీటర్ల తేడా వస్తుంది. దగ్గరి విలువతో కలిపే పద్ధతి వాడి, ఎన్ని నిమిషాల దూరం వరకు అంగీకరిస్తారో హద్దు పెట్టండి. లేదా రెండు కొలతల మధ్య విలువను లెక్కగట్టండి.

పాండాస్‌లో దీనికి రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది, సమయాన్ని కదపకుండా ‘ఇది భారత కాలం’ అని ముద్ర వేయడం. రెండోది, ముద్ర ఉన్న సమయాన్ని మరో జోన్‌లోకి మార్చడం. వీటిని తారుమారు చేస్తే సరిగ్గా ఐదున్నర గంటలు జరుగుతుంది. ముందు ముద్ర, తర్వాత మార్పు. అన్నింటినీ యూటీసీలో నిల్వ ఉంచి, పాఠకుడికి చూపేటప్పుడు మాత్రమే స్థానిక కాలంలోకి తేవడం మంచి పద్ధతి.

సర్వర్లు కూడా చాలావరకు యూటీసీలోనే నడుస్తాయి. ‘ఈరోజు’ అని అడిగితే మనకు తెల్లవారుజామున ఐదున్నర దాటేవరకు నిన్నటి తేదీ ఇస్తాయి. ల్యాప్‌టాప్‌లో సరిగ్గా వచ్చిన రోజువారీ నివేదిక సర్వర్ ఎక్కాక ఒకరోజు వెనకబడిందంటే, ముందు చూడాల్సింది ఇదే.

జోన్‌కు చరిత్ర ఉంటుంది

భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గరగా పోతుంది. కాకినాడలో సూర్యుడి కాలానికీ గడియారానికీ సగటున నిమిషం తేడా. డుమస్ పశ్చిమాన 72.7 డిగ్రీల దగ్గర ఉండటంతో అక్కడ సూర్యుడు గడియారం కంటే సుమారు 39 నిమిషాలు ఆలస్యం. సౌర విద్యుత్తు, పక్షుల రాకపోకలు లాంటి విశ్లేషణల్లో దీన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఈ ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి ముందు మద్రాసు, కలకత్తా, బొంబాయి కాలాలు వేర్వేరుగా నడిచాయి. కలకత్తా, బొంబాయి కాలాలు ఆ తర్వాత కూడా కొన్నాళ్లు సాగాయి. బొంబాయి కాలం ఇప్పటి గడియారం కంటే 39 నిమిషాలు వెనక. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ వరకు దేశమంతా గడియారాన్ని గంట ముందుకు జరిపింది. కాబట్టి పాత రికార్డులకు కళ్లు మూసుకుని ఐదున్నర గంటలు కలపకూడదు. ‘+5:30’ అన్న అంకె కాకుండా, ‘ఏషియా/కోల్‌కతా’ అన్న జోన్ పేరు వాడితే ఈ మార్పుల పట్టిక దానితోపాటే వస్తుంది. అయితే అందులో దేశమంతటికీ ఒకటే జోన్. స్థానిక కాలాలు నడిచిన రోజుల రికార్డులైతే ఏ ఊరి గడియారమో విడిగా చూడాలి.

ఆ పట్టిక వల్లే ఒక పేరుమోసిన చిక్కు పుట్టింది. పైథాన్‌లో పాత పైటీజెడ్ లైబ్రరీ జోన్‌ను నేరుగా తేదీకి తగిలిస్తే, అది ఐదున్నర బదులు 5 గంటల 53 నిమిషాల తేడా చూపుతుంది. పట్టికలో మొదటి వరుస కలకత్తా పాత స్థానిక కాలం కావడమే కారణం. 23 నిమిషాల వింత తేడా కనిపిస్తే ఇదే అనుకోండి. 2020లో వచ్చిన పైథాన్ 3.9 నుంచి ఉన్న జోన్‌ఇన్‌ఫో మాడ్యూల్‌లో ఈ సమస్య లేదు.

మనకు వేసవి గడియారం మార్పు లేదు కాబట్టి దాన్ని మరచిపోతాం. డల్లాస్ డేటా కలిపితే తెలుస్తుంది. అక్కడికీ మనకూ తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. నవంబర్‌లో ఒక రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది, మార్చిలో ఒక గంట అసలు ఉండదు.

రోజు ఎక్కడ మొదలవుతుంది?

పంచాంగం చూసేవారికి ఈ ప్రశ్న కొత్త కాదు. తిథి అర్ధరాత్రి మారదు, సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజుది. డేటాలోనూ అంతే. భారత వాతావరణ శాఖ వర్షపు రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. ముగిసిన రోజు తేదీనే దానికి వేస్తారు. అంటే ‘ఆగస్టు 8 వర్షం’లో 15 గంటల 30 నిమిషాలు ఆగస్టు 7కు చెందినవి. అర్ధరాత్రి లెక్కన కూడిన జలాశయం డేటాతో దీన్ని కలిపితే, వర్షం కంటే ముందే వరద వచ్చినట్టు కనిపించినా ఆశ్చర్యం లేదు. గంటల డేటాను రోజులుగా కూడేటప్పుడు 8:30 ఆఫ్‌సెట్ ఇచ్చి, కుడివైపు అంచును తేదీగా తీసుకోవాలి.

సూరత్ మరమగ్గాల రాత్రి షిఫ్టుదీ ఇదే కథ. సాయంత్రం మొదలై తెల్లవారి ముగిసే షిఫ్టులో నేసిన మీటర్లు ఏ తేదీకి రాయాలన్నది ముందే తేల్చుకోకపోతే కూలీ లెక్క తప్పుతుంది. షిఫ్టు తేదీని వేరే నిలువు వరుసగా ఉంచడమే మేలు.

సముద్రం మన రోజును అసలే పట్టించుకోదు. దాని రోజు 24 గంటల 50 నిమిషాలు. ఒక రాత్రి 11:25కు పోటు వస్తే, తర్వాతిది మర్నాడు 11:50కు, ఆ తర్వాతిది అర్ధరాత్రి దాటాక 12:15కు. మధ్యలోని తేదీకి ఒక్క పోటే మిగులుతుంది. డేటా పోయిందని ఆ ఖాళీని పూరిస్తే లేని పోటును పుట్టించినట్టే.

ఏడాది విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుజరాతీ, తెలుగు మాసాలు రెండూ అమావాస్యతోనే ముగుస్తాయి, పేర్లూ దాదాపు ఒకటే. కానీ మన సంవత్సరాది చైత్రంలో, గుజరాతీ వ్యాపారుల కొత్త సంవత్సరం దీపావళి మర్నాడు కార్తికంలో. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో. ‘మొదటి త్రైమాసికం’ అన్న మాటకు ఏ ఏడాది అన్నది చెప్పి తీరాలి.

అంకెల్లో దాగిన తేదీలు

ఎక్సెల్ ఫైల్‌లో తేదీ బదులు 38938 కనిపిస్తే కంగారుపడొద్దు. అది 2006 ఆగస్టు 9. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కిస్తుంది, లేని 1900 ఫిబ్రవరి 29ని కూడా కలుపుకుంటుంది. పాత మ్యాక్ ఫైళ్లలో లెక్క 1904 నుంచి. రెండూ కలిస్తే 1,462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు తేడా. యూనిక్స్ లెక్క 1970 జనవరి 1 నుంచి. పది అంకెలుంటే సెకన్లు, పదమూడుంటే మిల్లీసెకన్లు. యూనిట్ చెప్పకపోతే పాండాస్ నానోసెకన్లు అనుకుంటుంది. తేదీలన్నీ 1970 జనవరి 1కి పోగుపడితే కారణం అదే.

ముగించే ముందు చూడాల్సినవి

కలిపిన పట్టికను ఎవరికైనా ఇచ్చే ముందు ఐదు ప్రశ్నలు వేసుకోండి. మొదటి, చివరి తేదీలు ఊహించినవేనా? నెలవారీ వరుసల సంఖ్య సమంగా ఉందా? ఒకే సమయం రెండుసార్లు వచ్చిందా, మధ్యలో గంటలు పోయాయా? ప్రతి సమయానికీ జోన్ ముద్ర ఉందా? రోజు ఏ గంటకు మొదలవుతుందో ఎక్కడైనా రాసిపెట్టారా?

ఆ తర్వాత బయటి ఆధారంతో ఒక్క క్షణాన్ని సరిచూడండి. భారత సర్వే విభాగం ఏటా ఆటుపోట్ల పట్టికలు ప్రచురిస్తుంది. మీ దగ్గరున్న పోటు సమయం, ఆ పట్టికలో దగ్గరి రేవు సమయం పక్కపక్కన పెడితే ఐదున్నర గంటల తప్పు ఇట్టే బయటపడుతుంది. పది నిమిషాల పని అది. వరద హెచ్చరిక ఆ గ్రాఫ్ మీద ఆధారపడి ఉన్నప్పుడు, నదీముఖం దగ్గరి ఇళ్లకు ఆ పది నిమిషాల విలువ చాలా పెద్దది.