బ్రహ్మపుత్ర తీరాన గాయకుని స్మృతి

1926లో అస్సాం ఈశాన్యపు కొసనున్న సదియాలో జన్మించిన భూపేన్ హజారికా, 1939లో 'ఇంద్రమాలతి' చిత్రంలో బాలగాయకునిగా పరిచయమైనారు. గువాహతి కాటన్ కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను విద్యనభ్యసించి, 1952లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. అస్సామీ జానపద బాణీలలో శ్రామికుని వేదనను పలికించి, బ్రహ్మపుత్రను తన పాటకు ప్రతీకగా నిలిపారు.

గువాహతి నగరం ఆయనను గౌరవించిన తీరు పరిశీలింపదగినది. 2004 లోక్‌సభ ఎన్నికలలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా నిలిచిన హజారికాను అక్కడి ఓటర్లు గెలిపించలేదు. అయినను 2009లో, ఆయన జీవించి ఉండగానే, దిఘలీపుఖురీ గట్టున అఖిల అస్సాం విద్యార్థి సంఘం ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించింది. 2011 నవంబరు 5న ఆయన ముంబయిలో కన్నుమూశారు. భౌతికకాయం గువాహతి చేరినపుడు కడసారి దర్శనానికై తరలివచ్చిన జనసందోహం కారణంగా అంత్యక్రియలను ఒక దినం వాయిదా వేయవలసి వచ్చింది. నవంబరు 9న నదీసమీపాన, జాలుక్‌బారిలోని గౌహతి విశ్వవిద్యాలయ భూమిలో దహన సంస్కారం జరిగింది. ఆ స్థలమే నేడు ఆయన స్మారక క్షేత్రం.

2017లో లోహిత్ నదిపై ప్రారంభమైన 9.15 కిలోమీటర్ల ధోలా-సదియా వంతెనకు ఆయన పేరు పెట్టారు. 2019లో మరణానంతరం భారతరత్న లభించింది. ఇవి రాజ్యమిచ్చిన గౌరవాలు. అయితే ఓటు నిరాకరించిన నగరమే కన్నీటితో వీడ్కోలు పలకడం, ప్రజలు నాయకుని ఎన్నుకునే కొలమానం వేరు, గాయకుని గుండెలో నిలుపుకునే కొలమానం వేరు అని తెలుపుతున్నది.