అచ్చులో పేరు లేనివాళ్ళు

ఏ పాత తెలుగు పుస్తకమైనా తిరగెయ్యండి. లోపలి పేజీలోనో చివరి అట్ట మీదో ఒక లైనుంటుంది: ముద్రణ ఫలానా ప్రెస్, ఫలానా ఊరు. ఇది ప్రెస్సువాళ్ళు ముచ్చటపడి వేసుకున్నది కాదు. 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం వేయించింది. అచ్చయిన మాటకు జవాబు చెప్పే మనిషి సర్కారుకు కావాలి. ఆ మనిషి ప్రెస్సు నడిపే ఆసామి. కేసు ముందు నిలబడి ఒక్కో అక్షరం ఏరి పేర్చిన కంపోజిటర్ పేరు చట్టానికి అక్కర్లేదు. 2024 మార్చి 1న కొత్త చట్టం వచ్చేదాకా పద్ధతి ఇదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో అచ్చుపని చేసినవాళ్ళ చరిత్ర రాయాలంటే మొదట తగిలే చిక్కు ఇది. కవి పేరుంది, దాత పేరుంది, ప్రెస్సు పేరుంది. చెయ్యి పేరు లేదు. పేరే లేనప్పుడు కులం ఎట్లా తెలుస్తుంది?

ముందు పని సంగతి చూద్దాం. ఇంగ్లీషు అక్షరాలకు రెండు కేసులుంటే సరిపోతుంది. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల టైపులు కావాలి. ఏ గడిలో ఏముందో చేతికే తెలిసుండాలి. కంపోజిటర్ చదివేది తిరగబడిన అక్షరాన్ని. స్టిక్కులో లైను పేర్చి, గేలీలోకి ఎత్తి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, ఫారం బిగించాలి. అచ్చయ్యాక టైపునంతా విప్పి మళ్ళీ ఏ గడిది ఆ గడిలో వెయ్యాలి. ఇంత చదువూ చూపూ కావలసిన పనిని 'చేతిపని' అనేశారు.

ఆ టైపులో ఎక్కువ భాగం సీసం. రోజంతా ఆ చేతులతోనే పని, ఆ చేతులతోనే సంగటి ముద్ద. 1948 ఫ్యాక్టరీల చట్టంలో టైపు కంపోజింగ్, అచ్చు, బైండింగ్ అన్నీ ఉత్పత్తి పనులే. తెలియజేసి తీరాల్సిన జబ్బుల పట్టికలో మొదటిదే సీసపు విషం. కానీ చట్టం వర్తించాలంటే కరెంటుతో నడిచే చోట పదిమంది, కరెంటు లేని చోట ఇరవైమంది పనివాళ్ళుండాలి. కాలితో తొక్కే ట్రెడిల్ ఒకటి, పనివాళ్ళు నలుగురైదుగురు ఉండే చిన్న ఊరి ప్రెస్సు ఈ లెక్కలోకి ఎప్పుడొస్తుంది? జబ్బు చట్టంలో ఉంది, జబ్బుపడ్డ మనిషి చట్టం బయట ఉన్నాడు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కోడ్ ఆ పదిని ఇరవై, ఇరవైని నలభై చేసింది.

ఇక ఆ కేసు దాకా ఎవరు రాగలిగారన్న ప్రశ్న. అక్షరం రానివాళ్ళు కంపోజిటర్ కాలేరు. కాబట్టి ప్రెస్సు తలుపు బడి దగ్గరే మొదలవుతుంది. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంటును తల్చుకోకుండా ఇక్కడి చదువుల చరిత్ర రాయరు. 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల కష్టాల మీద కలం పట్టింది ఆవిడే. అదే మనిషి 1909లో, అంటరాని పిల్లల్ని మిగతా పిల్లల పక్కన కూర్చోబెట్టొద్దు, ముందు వాళ్ళకు శుభ్రత నేర్పాలి అని వాదించింది. ఆ వ్యాసాన్ని అంబేద్కర్ 1945 నాటి తన పుస్తకంలో ఎత్తి చూపించారు. ఆవిడ కంటే ముందు అదే దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు ఆల్కాట్ 1894లోనే మద్రాసులో పంచములకు బడి తెరిచాడు. అంటే ఆ కాలంలో ఇంకో ఆలోచన సాధ్యం కాదని ఎవరూ అనడానికి లేదు. లండన్ కూలిపిల్ల కష్టం కనిపించిన కంటికి మాలపిల్లాడి పక్కన ఖాళీ చోటు ఎందుకు కనిపించలేదు?

అయినా మనవాళ్ళు తలుపు తెరిచేదాకా కాచుక్కూర్చోలేదు. కుప్పం దగ్గర సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వెళ్ళిన దళిత కూలీలు పాతాళంలోకి దిగి బంగారం తవ్విన చోటు. పండిత అయోతీదాసు 1907లో మద్రాసులో మొదలుపెట్టిన 'తమిళన్' పత్రిక, 1914లో ఆయన పోయిన తర్వాత ఆగిపోతే, 1926లో జి. అప్పాదురై ఈ గనుల ఊరి నుంచే మళ్ళీ నడిపించారు. దాని పాఠకులు గని కూలీలు. తెలుగులో భాగ్యరెడ్డివర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు, తర్వాత సొంత ప్రెస్సు కూడా పెట్టుకున్నారు. పరాయి ప్రెస్సులో మన మాటకు గ్యారంటీ లేదన్న సంగతి వీళ్ళకు తెలుసు.

1990లలో డీటీపీ, ఆఫ్‌సెట్ వచ్చాయి. సీసం పోయింది, మంచిదే. దాంతోపాటు పనీ పోయింది. ముప్పై ఏళ్ళు చేతివేళ్ళలో దాచుకున్న విద్య కీబోర్డు ముందు చెల్లలేదు. తర్వాత ఫ్లెక్సీలొచ్చి పోస్టర్ల పని కూడా పట్టుకుపోయాయి. టైపు తూకానికి అమ్ముడుపోయింది. దాన్ని పేర్చినవాళ్ళకు ఏం దక్కిందని అడిగినవాళ్ళు తక్కువ.

అందుకే ఈ మూడు ఊళ్ళ విద్యార్థులకూ టీచర్లకూ కార్యకర్తలకూ మేం చెప్పేదొకటే. మీ ఊళ్ళో పాత కంపోజిటర్లూ, ట్రెడిల్ తొక్కినవాళ్ళూ, బైండింగ్ చేసిన ఆడవాళ్ళూ ఇంకా ఉన్నారేమో వెతకండి. ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఏ వాడ నుంచి వచ్చారు, ప్రెస్సులో నీళ్ళు ఏ గ్లాసుతో తాగారు, కూలి ఎంత, జబ్బు ఏమిటి, అడిగి రాసుకోండి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత మనం ఊరూరా పంచిన కరపత్రాలు కూడా ఎవరో రాత్రంతా మేలుకొని పేర్చినవే. వాటి కింద కూడా ప్రెస్సు పేరే వేశాం. ఆ తప్పు మనదీ. ఇప్పుడైనా దిద్దుకోవాలి. ఈ ప్రూఫు దిద్దాల్సింది మనమే.