సీఎస్‌వీ ఫైళ్లలో చెదిరిన అక్షరాలు

తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే, ఒక్కోసారి పేర్లుండాల్సిన చోట నెత్తిన వాలుగీత ఉన్న రోమన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందని కంగారు పడతాం. అప్పటికింకా ఏమీ పాడవదు. లోపలి బైట్లు భద్రంగానే ఉంటాయి, వాటిని చదువుతున్న సంకేత పట్టికే తప్పు. అసలు నష్టం ఆ తర్వాత, ఆ తెర మీదే సేవ్ నొక్కినప్పుడు మొదలవుతుంది. జపనీయులు ఈ అవస్థను ‘మోజిబాకే’ అంటారు. మోజి అంటే అక్షరం, బాకే అంటే రూపు మారిపోవడం.

కామాలతో విడదీసిన సమాచారాన్ని ఐబీఎం ఫోర్ట్రాన్ కంపైలర్ 1972లోనే చదివేది. అప్పటి అమెరికన్ యంత్రాలకు ఇంగ్లిషు చాలు. 1963లో వెలువడిన ఆస్కీ అనే సంకేత పట్టికలో ఉన్నవి 128 స్థానాలే. ఫైలు ఏ సంకేత పట్టికలో ఉందో చెప్పే చోటు సీఎస్‌వీలో ఎవరూ పెట్టలేదు, ఆ అవసరమే తోచలేదు. ఈ రోగానికి మూలం ఆ ఖాళీయే. 2005లో ఈ రూపాన్ని వివరిస్తూ వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం కూడా ఎక్కువగా వాడుకలో ఉన్నది ఆస్కీయేనని రాసింది. అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8నే మామూలుగా భావించాలన్న సవరణ 2014లో, ఆర్‌ఎఫ్‌సీ 7111తో గానీ రాలేదు.

ఈలోగా ఆస్కీ పైనున్న మరో 128 స్థానాలను ఎవరికి తోచినట్టు వారు నింపుకున్నారు. పశ్చిమ యూరప్ భాషల కోసం మైక్రోసాఫ్ట్ విండోస్-1252 పట్టిక తెచ్చింది. మన దేశంలో 1991 నాటి ఇస్కీ ప్రమాణం అదే చోట భారతీయ లిపులను కూర్చోబెట్టింది. అందులో తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ సంఖ్య ఒకటే. అదే ఏడాది, అన్ని లిపులకూ ఒకే పట్టికగా తలపెట్టిన యూనికోడ్ తొలి కూర్పు తెలుగుకు సొంత స్థానాలిచ్చింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఆ స్థానాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 రూపొందించారు. ఇందులో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి.

‘తెలుగు’ అన్న మాటనే తీసుకుందాం. గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు, 18 బైట్లు. ‘త’ అంటే 224, 176, 164. విండోస్-1252లో 224 వాలుగీత నెత్తినెట్టుకున్న రోమన్ అక్షరం, 176 డిగ్రీ గుర్తు. ప్రతి తెలుగు సంకేతం 224తోనే మొదలవుతుంది కనుక ఆ వాలుగీత అక్షరం తెరంతా పరుచుకుంటుంది. ఆ వరసను ఒకసారి గుర్తుపట్టినవారికి ఇది చెదిరిన తెలుగేనని చూడగానే తెలిసిపోతుంది.

తెలుగుకు ఇంకో దెబ్బ కూడా ఉంది, దాని గురించి చెప్పేవారు తక్కువ. విండోస్-1252లో 129, 141, 143, 144, 157 స్థానాలకు ఏ అక్షరమూ లేదు. సరిగ్గా 129తోనే ముగుస్తుంది మన ఉకారపు కొమ్ము, 141తో పొల్లు. మిగతా మూడూ ఏ, ఐ, ఝల చివరి బైట్లు. కొమ్ము లేని తెలుగు వాక్యం అరుదు. పొల్లు లేకపోతే ఒక్క వత్తూ రాదు. ఖాళీ స్థానం తగిలినప్పుడు కొన్ని ప్రోగ్రాములు దాన్ని కంటికి కనిపించని గుర్తుగా దాచి ఉంచుతాయి, కొన్ని ప్రశ్నార్థకం పెడతాయి, కొన్ని వదిలేస్తాయి. దాచి ఉంచితే వెనక్కి తెచ్చుకోవచ్చు. వదిలేస్తే ‘అమ్మ’లోని వత్తు పోయినట్టే. పైథాన్‌లో చెదిరిన పాఠాన్ని సరిచేసే ఎఫ్‌టీఎఫ్‌వై అనే ఉపకరణం ఈ ఖాళీలను కూడా లెక్కలోకి తీసుకునే పనిచేస్తుంది.

ప్రశ్నార్థకాలు మాత్రమే మిగిలిన ఫైలు సంగతి వేరు. విండోస్‌లో సిస్టం మామూలుగా వాడే పాతకాలపు సంకేత పట్టికల్లో తెలుగుది ఎన్నడూ లేదు. అందుకే ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా భద్రపరిస్తే తెలుగు అక్షరాలకు చోటు దొరక్క అన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. వాటిలోంచి పేర్లను తిరిగి తెచ్చే ఉపాయం లేదు, మూల ఫైలును మళ్లీ దించుకోవాల్సిందే.

చెదిరిన ఫైలును సేవ్ చేయకుండా మూసేయడం తొలి చికిత్స. తర్వాత ఎక్సెల్ డేటా మెనూలోంచి ఫైలును దిగుమతి చేసుకుంటూ 65001, అంటే యూటీఎఫ్-8, ఎంచుకోవాలి. లిబ్రెఆఫీస్ అయితే తెరిచేటప్పుడే ఏ సంకేత పట్టిక అని అడుగుతుంది. ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు ఉంటే ఎక్సెల్ దానంతటదే యూటీఎఫ్-8 అని గ్రహిస్తుంది. 2016 ప్రాంతంలో ఎక్సెల్‌కు చేరిన ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రకం ఆ మూడింటినీ తానే రాస్తుంది. ఇతర ప్రోగ్రాముల్లో మాత్రం అవి మొదటి నిలువు వరుస పేరుకు అంటుకుని ఆ పేరుతో వెతికితే దొరక్కుండా చేస్తుంటాయి.

డీటీపీ కేంద్రాల్లో అను వంటి ఫాంట్లతో కొట్టిన పాత జాబితాలకు ఈ మందు పనిచేయదు. వాటిలో ఉన్నవి తెలుగు సంకేతాలు కావు, రోమన్ స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఏ ఫాంటో తెలిస్తేనే మార్పిడి ప్రోగ్రాము వాటిని యూనికోడ్‌లోకి తేగలదు. సీఎస్‌వీ ఫాంటు పేరును దాచుకోదు కాబట్టి, అలాంటి జాబితాను ఆ రూపంలోకి మార్చే ముందు అసలు పత్రం ప్రతిని విడిగా ఉంచుకోవాలి.